పిలకాయల ఖర్చుకు నెలకు ఎంత ఇస్తే న్యాయం? (తిరుపతి – చిత్తూరు)

కొండకింద ట్యాక్సీ

అందరికీ నమస్కారం. నాది తిరుపతి, కొర్లగుంట. సొంత కారు పెట్టుకుని ట్యాక్సీ నడుపుతా. కొండకి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి, వేలూరు బంగారు గుడికి యాత్రికుల్ని తిప్పుతా. మా ఇంటామె, నేను ఏడాదిన్నరగా వేరుగా ఉంటున్నాం. విడాకులకు ఇద్దరం పోలేదు. ఎందుకు విడిపోయామనేది ఇక్కడ రాయను, అది మా ఇద్దరి మధ్య సంగతి. నేనడిగేది పిలకాయల గురించి.

పాప జూన్‌లో ఏడో తరగతికి పోతుంది, చిన్నోడు ఒకటికి. ఇద్దరూ చిత్తూరులో వాళ్ళమ్మ దగ్గరే, గ్రీమ్స్‌పేటలో మా మామగారింట్లో ఉంటారు. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. నెలకు 14,000 వస్తుంది, మే నెల జీతం ఉండదు.

పోయినేడు పెద్దమనుషులు కూర్చుని నెలకు 6,000 ఇయ్యమన్నారు. ఆమె 12,000 అడిగింది. ఆ రోజు నాకు కోపమొచ్చింది. ఈమె ఏ లెక్కన 12,000 అంటుందని నలుగురిలో గట్టిగా మాట్లాడినా. ఆమె తలొంచుకుని కూర్చునింది, తిరిగి ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి 6,000 పంపిస్తా ఉండా. ఒక నెల కూడా తప్పలేదు.

పోయిన ఆదివారం పిలకాయల్ని చూడ్డానికి పోయినా. వాకిట్లో పాప తెల్ల బూట్లు ఎండలో పెట్టి ఉండాయి. ఒకటి చేతికి తీసుకుంటే తెల్లపొడి అంటుకునింది. అరిగిపోయిన చోటంతా సుద్దముక్కతో రుద్ది తెల్లగా చేసుకునింది బిడ్డ. కుడి బూటు ముందర బొటనవేలు దగ్గర గుడ్డ చినిగి ఉంది, దాని మీద కూడా సుద్ద. పరీక్షలకు కూడా ఇవే వేసుకుని పోయిందంట. "అమ్మ జూన్‌లో కొంటానంది నాన్నా" అనింది. నన్నడగలేదు. తిరుపతి వచ్చేదాకా అదే మనసులో ఉండిపోయింది.

నాకు నెల నెలా ఒకే మాదిరి రాదు. ఏప్రిల్, మే, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, అప్పుడు బాగుంటుంది. ఫిబ్రవరి, మార్చి పరీక్షల కాలం, బాడిగలుండవు. డీజిలు, ఇన్సూరెన్సు, టైర్లు, ఎఫ్.సి. (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అన్నీ పోను పోయినేడు మొత్తం మీద 4,56,000 మిగిలింది, అంటే నెలకు 38,000. అందులో కారు లోను కంతు (నెల వాయిదా) 13,800. ఇంకా 22 నెలలుంది. ఇల్లు సొంతమే, మా అమ్మ నాతోనే ఉంటుంది.

కోర్టుకు పోయి ఎవరో చెబితే ఇయ్యడం వేరు. నాకై నేను న్యాయంగా ఎంత ఇయ్యాలో తెలుసుకోవాలి. దీనికి లెక్క ఎట్ల కట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పుత్తూరు అక్క

తమ్ముడూ, నువ్వు అడిగిన తీరు చూసి రాయాలనిపించింది. నేను ఒంటరిగా ఒక పాపను పెంచినాను, ఇప్పుడు డిగ్రీ మూడో ఏడు చదువుతా ఉంది.

ముందు నీ జీతం నుంచి మొదలుపెట్టొద్దు, పిల్లల నుంచి మొదలుపెట్టు. నీకు మిగిలిందాంట్లో ఎంత పంపగలనని ఆలోచిస్తే 6,000 అనే వస్తుంది. పిల్లలకు ఏడాదికి ఎంతవుతుందో ఆ లెక్క ముందు రాయి. నెలకు అని రాస్తే జూన్ కనబడదు. మా ఇంట్లో జూన్ వస్తే నేను గాజులు కుదువ పెట్టేదాన్ని. ఫీజు మొదటి కంతు, పుస్తకాలు, రెండు జతల యూనిఫారం, కుట్టుకూలి, బూట్లు, బ్యాగు, వ్యాను అడ్వాన్సు, అన్నీ పది రోజుల్లో మీద పడతాయి. తండ్రి పంపే నెల డబ్బు అప్పుడూ అంతే ఉంటుంది.

మగవాళ్ళ లెక్కలోకి రానివి కొన్ని చెబుతాను. పాలు. గుడ్లు. చిన్నోడికి జ్వరమొస్తే డాక్టరు ఫీజు కంటే ఆ రోజు ఆమె సెలవు పెడితే కోసే జీతం. ఏడో తరగతికి పోయే ఆడబిడ్డకు నెల నెలా ప్యాడ్లు కావాలి, ఇప్పుడో రేపో. లోపలి బట్టలు ఆరు నెలలకు ఒకసారి మార్చాలి, బిడ్డ ఎదుగుతోంది. స్నేహితురాలి పుట్టినరోజు, బడిలో ప్రాజెక్టు చార్టులు. ఒక్కోటి యాభై, వంద. నెలకు వెయ్యికి తక్కువ కాదు.

ఇంకొకటి. వాళ్ళు పుట్టింట్లో ఉన్నారు కదా, అద్దె లేదు కదా అనుకోవద్దు. ఆ కప్పు కింద నీ ఇద్దరు బిడ్డల్ని పెట్టుకున్నది మీ మామగారు. ఆ కరెంటు, ఆ గ్యాసు ఎవరిదో ఒకరిది.

డబ్బు బిడ్డ చేతికి మాత్రం ఇయ్యొద్దు. మా పాప తండ్రి మొదట్లో పుత్తూరు బస్టాండుకు రమ్మని, కవరు బిడ్డ చేతిలో పెట్టి పోయేవాడు. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఒకరోజు బస్సు ఎక్కినాక కవరు నా ఒళ్ళో పెట్టి, "అమ్మా, నేను అడుక్కుంటున్నానా?" అనింది. నేను ఏం జవాబు చెప్పినానో నాకు గుర్తు లేదు. తర్వాతి నెల నుంచి బ్యాంకులో వేయమని చెప్పినాను.

రాయల్ చెరువు

అన్నా, నువ్వు మరీ మెత్తగా ఉన్నావు. ఆమెకు ఉద్యోగం ఉంది, తల్లిదండ్రులున్నారు. పెద్దమనుషులు చెప్పినంత ఇస్తున్నావు, అదే ఎక్కువ. పెంచేకొద్దీ అడుగుతారు.

పుత్తూరు అక్క

ఆమెకు ఎంత ఇయ్యాలని ఆ తమ్ముడు అడగలేదు నాయనా. ఇద్దరు పిల్లలకు ఎంత ఇయ్యాలని అడిగినాడు. వాళ్ళకు ఉద్యోగం లేదు.

చిత్తూరు వకీలు

చిత్తూరు కోర్టులో పదిహేనేళ్ళుగా మనోవర్తి (భార్యాపిల్లల పోషణ ఖర్చు) కేసులు చూస్తున్నాను. చట్టం ఏం చెబుతుందో చెప్తాను, ఆ మీదట మీరిద్దరూ మాట్లాడుకోండి.

జీతంలో ఇంత శాతం ఇస్తే సరిపోతుందనే సూత్రం మన చట్టంలో లేదు. 25 శాతం అని చాలామంది చెబుతుంటారు. అది 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో, భార్యకు ఇచ్చే మొత్తం గురించి అన్న మాట. ఆ కేసుకు తగ్గ లెక్క అది, దాన్ని తెచ్చి మీ పిల్లలకు అంటించకండి.

పిల్లల్ని పోషించే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ అని 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం సెక్షన్ 20 చెబుతుంది. కొడుక్కి పద్దెనిమిది నిండి మైనారిటీ తీరేదాకా. కూతురికైతే పెళ్ళి కాకుండా, తన సంపాదనతో తాను బతకలేని స్థితిలో ఉన్నంతకాలం. కాబట్టి పాపకు పద్దెనిమిది నిండిన రోజున మీ బాధ్యత తీరిపోతుందని అనుకోవద్దు.

రజనేష్ – నేహ కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మాకు చేతిపుస్తకం లాంటిది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అఫిడవిట్ మీద చూపాలి. పిల్లల ఖర్చంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం, చదువు. ట్యూషన్ లాంటివి కూడా అందులోకే వస్తాయి. చదువు ఖర్చు మామూలుగా తండ్రిది. తల్లి కూడా తగినంత సంపాదిస్తుంటే సంపాదనల నిష్పత్తిలో పంచుకోవచ్చు. మీరడిగే న్యాయమైన లెక్కకు దారి ఇదే: పిల్లల మొత్తం ఖర్చు రాసి, మీ ఇద్దరి ఆదాయాల నిష్పత్తిలో విడదీయండి.

కారు కంతు గురించి. ఇష్టపడి తీసుకున్న అప్పుల కంతులు చూపి పోషణ తగ్గించమంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. మీ కారు మీ జీవనాధారం, అందుకని వ్యాపార ఖర్చుగా వాదించుకునే వీలు మీకుంది. కానీ ఆలోచించండి, 22 నెలల తర్వాత కారు మీ సొంతమవుతుంది. కంతులో కొంత వడ్డీ, కొంత మీరు కూడబెట్టుకునే ఆస్తి. మొత్తం కంతు తీసేసి లెక్క కడితే ఆ ఆస్తి కూడా పిల్లల భాగం నుంచే పోయినట్టు. నా అభిప్రాయం అడిగితే సగం తీయండి. ఇది చట్టం కాదు, నాకు సబబనిపించిన మాట.

పెద్దమనుషుల కాగితం చూసుకుని ధైర్యంగా ఉండొద్దు. పోషణ హక్కు పిల్లలది. తల్లి తక్కువకు ఒప్పుకున్నా, వద్దని సంతకం చేసినా ఆ హక్కు పోదు. రేపు ఆమె చిత్తూరులోనే కేసు వేసుకోవచ్చు. మనోవర్తి ఇప్పించే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 స్థానంలో 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 వచ్చింది. కేసు తేలేలోపు ఇచ్చే మధ్యంతర మనోవర్తిని, వీలైనంతవరకు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని అందులో ఉంది. ఒకప్పుడు మనోవర్తికి నెలకు 500 రూపాయల పరిమితి ఉండేది, అది 2001లో పోయింది.

మీరిద్దరూ ఒక అంకెకు వస్తే స్టాంపు పేపరు మీద రాసుకుని బీరువాలో పెట్టొద్దు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయి, కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు. అక్కడి లోక్ అదాలత్‌లో మీ రాజీని రాసి ఇచ్చే అవార్డు (తీర్పు కాగితం) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఆమెకు ఈ మాట మీరే చెప్పండి.

రేణిగుంట షిఫ్టు

బ్రదర్, నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దని రాస్తున్నా. నేను రేణిగుంట దగ్గర కంపెనీలో పని చేస్తా. మా బాబును చూడనీలేదని కోపంతో ఏడు నెలలు డబ్బు ఆపేసినా. చూపిస్తే ఇస్తా, లేకుంటే లేదన్నా. అప్పటికే కోర్టు ఆర్డరు ఉంది. ఒక్కో నెల బాకీకి ఒక నెల వరకు జైలు వేయొచ్చని నాకు తెలియదు. వారెంటు పట్టుకుని పోలీసులు మా సందులోకి వచ్చినారు. మా నాయన వాకిట్లోనే ఉన్నాడు. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

అప్పుచేసి మొత్తం కట్టినా. జడ్జిగారు ఒకటే అన్నారు, బిడ్డను చూడ్డానికి వేరే పిటిషన్ వేసుకో, ఈ నెల వాడు తినాల్సిన బువ్వకు దానికి ముడిపెట్టొద్దని. వేరే పిటిషన్ వేసినా, ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు చూస్తా ఉండా.

ఇంకోటి, చేతికి ఇచ్చిన డబ్బుకు లెక్క ఉండదు. పండగకు నేనిచ్చిన 10,000, ఒకసారి కట్టిన ఆస్పత్రి బిల్లు, ఏదీ చూపించలేకపోయినా. ఫోన్‌పేలో వేసినా, బ్యాంకులో వేసినా ఏ నెలదో రాసి వెయ్యి. ఫీజు నువ్వే కడితే రసీదు దాచుకో, ఒక ఫోటో ఆమెకు పంపు.

నీకు సీజన్ ఆదాయం కాబట్టి వేరే ఖాతా ఒకటి తెరువు. మే నెలలో వచ్చింది మేలోనే అయిపోతే ఫిబ్రవరిలో ఎక్కడ తెస్తావు?

కొండకింద ట్యాక్సీ

మూడు వారాలైంది, సీజన్ బాడిగల్లో పడి రాయలేకపోయినా. అందరికీ, ముఖ్యంగా పుత్తూరు అక్కకు, నమస్కారం.

పోయిన సోమవారం బాడిగ వద్దనుకుని చిత్తూరు పోయినా. ఈసారి పెద్దమనుషులెవరూ లేరు. మా మామ పిలకాయల్ని తీసుకుని మామిడి తోటకు పోయినాడు. నేను, ఆమె వరండాలో కూర్చున్నాం. పిలకాయల ఖర్చు మొత్తం రాద్దామని చెప్పినా. ఆమె లోపలికి పోయి ఒక నోటుపుస్తకం తెచ్చింది. ముందు పేజీల్లో ఆమె బడి పాఠాల ప్లాను. వెనకనుంచి తిప్పితే, పుట్టింటికి వచ్చిన రోజు నుంచి ప్రతి ఖర్చు తేదీతో సహా రాసి ఉంది. చిన్నోడికి ఆయాసం, అది నాకు తెలుసు. నెబ్యులైజరు కొన్నారని మాత్రం ఆ పేజీలో చూసే తెలిసింది. దాని పక్కన "రాత్రి 2 గంటలు" అని రాసుకునింది, ఎందుకో ఏమో. నేను అడగలేదు.

బడికి ఏడాదికి పాపకు ఫీజు 32,000, వ్యాను 12,000, పుస్తకాలు, యూనిఫారం 8,500. చిన్నోడికి 24,000, 10,000, 6,000. కలిపితే 92,500. ఇంటి ఖర్చు నెలకు: పాలు 1,700, సరుకులు, కూరగాయలు, గుడ్లు, పండ్లు పిలకాయల వరకు 5,000, గ్యాసు, కరెంటు 800, మందులు 900, బట్టలు 1,000, పాపకు లెక్కల ట్యూషన్ 600, అక్క చెప్పిన చిన్న ఖర్చులు 1,000. ఇంటికని 1,500 నేనే వేసినా. ఆమె వద్దనింది, నేను కొట్టేయలేదు. మొత్తం 12,500. బడి ఖర్చును పన్నెండు నెలలకు పంచితే నెలకు 7,700. రెండూ కలిపి 20,200.

వకీలు గారు చెప్పినట్టు సగం కంతు తీస్తే నాది 31,100. మే జీతం లేదు కాబట్టి ఆమెది నెలకు 12,800 పడుతుంది. నూటికి 70 నా వంతు. అంటే 14,000 పైన.

ఆమె అడిగింది 12,000.

ఆ 12,000 ఎట్ల చెప్పినావని అడిగినా. "ఖర్చు చూసి చెప్పలేదు. నువ్వు ఇయ్యగలిగింది అంతేననుకున్నా" అనింది. నేను ఆ రోజు నలుగురిలో అన్న మాటలకు క్షమించమని అడిగినా. ఆమె ఏమీ అనలేదు, కాఫీ తెచ్చి పెట్టింది.

రాయల్ చెరువు తమ్ముడికి ఒక మాట. పెంచేకొద్దీ అడుగుతారన్నావు. ఆమె నోటుపుస్తకంలో ఏడాదిన్నరలో ఆమె కోసం రాసుకున్న ఖర్చు ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

చివరికి ఇట్ల అనుకున్నాం. ప్రతి నెలా 5వ తేదీలోపు 9,000 ఆమె ఖాతాలో వేస్తా. బడి ఖర్చులో నా వంతు 65,000. జూన్‌లో 40,000, బ్రహ్మోత్సవాలు అయినాక 25,000, నేనే బడిలో కట్టి రసీదు పంపిస్తా. సీజన్ డబ్బులు చేతిలో ఉన్నప్పుడే పెద్ద ఖర్చు అయిపోతే నాకూ ఊపిరాడుతుంది. ఆస్పత్రిలో చేర్చేంత పెద్ద ఖర్చు వస్తే అదీ 70, 30. ప్రతి జూన్‌లో మళ్ళీ కూర్చుని లెక్క చూస్తాం. కారు కంతు తీరిన నెల నుంచి నా వంతు పెరుగుతుందని ఇప్పుడే రాసిపెట్టినాం.

ఫిబ్రవరిలో నాకు 22,000 వస్తే గొప్ప. అందులో కంతు కట్టేస్తే 9,000 కూడా మిగలదు. అందుకే రేణిగుంట బ్రదర్ మాట విని పోస్టాఫీసులో వేరే ఖాతా తెరిచినా. రోజూ సాయంత్రం డీజిలు డబ్బులు పక్కన పెట్టేటప్పుడే 500 దాంట్లోకి తీస్తా ఉండా. ఇప్పటికి 9,500 అయింది.

వాళ్ళమ్మ పాపను పేపరు మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీసి నాకిచ్చింది. ఈ ఆదివారం తిలక్ రోడ్డులో బూట్లు కొంటా. ఒక సైజు పెద్దది తీసుకోమనింది, జూన్ దాకా కాలు ఎదుగుతుందంట.

వకీలు గారూ, న్యాయ సేవాధికార సంస్థకు వచ్చే వారం ఇద్దరం కలిసి పోతున్నాం. ఏం కాగితాలు తీసుకుపోవాలి?

చిత్తూరు వకీలు

ఇద్దరి ఆధార్ జిరాక్సులు, పెళ్ళి ఫోటో లేదా సర్టిఫికెట్, పిల్లల పుట్టినతేదీ సర్టిఫికెట్లు, మీ కారు లోను కాగితం, ఆమె జీతం చీటీ. ఆ నోటుపుస్తకంలోని లెక్క పేజీలు కూడా జిరాక్సు తీయించండి. అవార్డులో 9,000 ఒక్కటే కాకుండా జూన్, బ్రహ్మోత్సవాల తర్వాత కట్టే బడి ఫీజులు, ప్రతి జూన్ సమీక్ష, కంతు తీరే నెల, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. నోటి మాటగా వదిలేయొద్దు.